అటూ ఇటూగా ఒక వారం

ఎనిమిదో నెల నిండేదాకా నేను బడి వదల్లేదు. భద్రాచలం దాటి చర్ల వైపు పోయే రోడ్డులో, ఊళ్లు పలచబడి అడవి చిక్కబడే చోట మాది ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల. అక్కడ ఇంగ్లిష్ చెప్తాను. మా ఆయనకు పాల్వంచ కరెంటు ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం. ఆయన తల్లితో కలిసి అక్కడి క్వార్టర్‌లో ఉంటాడు, నేను ఇక్కడ స్టాఫ్ గదిలో ఉంటాను. ఎవరికి సెలవు దొరికితే వాళ్లు బస్సెక్కి రెండోవాళ్ల దగ్గరికి పోతాం. పెళ్లయిన నాటి నుంచి మా కాపురం ఇదే.

కడుపు పెరిగేకొద్దీ నాకు కాలు ఒకచోట నిలవకుండా పోయింది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎందుకు లేచానో గుర్తుండేది కాదు. పాఠం చెప్తూ బెంచీల మధ్య తిరుగుతూనే ఉండేదాన్ని. “కూసోండి మేడం” అని పిల్లలే కుర్చీ జరిపేవాళ్లు. కూర్చోగానే లోపలివాడు తన్నేవాడు, మళ్లీ లేచేదాన్ని.

ఆ వారం ఎనిమిదో తరగతి పాఠంలో ‘ఎస్టిమేట్’ అనే క్రియ వచ్చింది. బోర్డు మీద రాసి, పక్కన ‘అంచనా వేయడం’ అని రాసి తర్వాతి మాటకు పోబోయాను. ముందు బెంచీలో అమ్మాయి లేచింది.

“లెక్కల మేడం వేరే చెప్పింది మేడం.”

“ఏం చెప్పింది?”

“నాలుగు వందల ఎనభై ఏడుంటే ఐదు వందలని రాసుకోవాలె, అదే ఎస్టిమేట్ అన్నది.”

“అదీ అంచనానే కదా.”

“మరి మా బాపు రేపు వాన పడ్తదని నా అంచనా అంటడు. అందుల లెక్కేముంది మేడం?”

క్లాసంతా నావైపు చూసింది. నా దగ్గర జవాబు ఉంది కానీ, అది నాకు అంత సులువుగా దొరికింది కాదు. నేనే ఆ మాటను ఏళ్ల తరబడి అడ్డదిడ్డంగా వాడాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఖమ్మంలో టీచర్లకు ఇంగ్లిష్ శిక్షణ పెట్టారు. భోజనాల తర్వాత ఒక్కొక్కరం లేచి రెండు మాటలు చెప్పాలి. నేను లేచి, మా హెడ్‌మిస్ట్రెస్ సాయంత్రం ఇక్కడికి వస్తారని ‘ఐ ఎస్టిమేట్’ అన్నాను. శిక్షణ ఇస్తున్న పెద్దాయన నవ్వలేదు, కోప్పడలేదు. “ఎందుకు ఎస్టిమేట్ చేస్తున్నారమ్మా, ఆమె ఏమైనా సిమెంటు గోడా?” అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. ఆయన మాత్రం నెమ్మదిగా వివరించాడు. మన తెలుగులో అంచనా అనే ఒక్క మాట చాలా పనులు చేస్తుంది. వస్తుందని అనుకోవడం అంచనానే, ఇల్లు కట్టడానికి ఎంతవుతుందో ఉజ్జాయింపుగా తేల్చడం అంచనానే, మనిషిని చిన్నచూపు చూస్తే తక్కువ అంచనా. ఇంగ్లిష్‌లో ఆ పనులను వేర్వేరు మాటలు పంచుకున్నాయి. వస్తుందని ఎదురుచూస్తే ‘ఎక్స్‌పెక్ట్’. ఏ ఆధారమూ లేకుండా ఊహిస్తే ‘గెస్’. దూరమో బరువో వయసో కాలమో, అంటే కొలవడానికి వీలున్నదాన్ని, చేతిలో ఉన్న కొద్దిపాటి ఆధారంతో సుమారుగా తేలిస్తే, అది ఎస్టిమేట్. దాని తర్వాత ‘అబౌట్’ తగిలించకూడదు. క్రియగా వాడితే చివర ‘మేట్’ అని సాగాలి, నామవాచకంగా వాడితే ‘మట్’ అని పొట్టిగా ఆగాలి. ఆ రోజు సాయంత్రం తిరుమలాయపాలెం బస్సులో మా అమ్మవాళ్లింటికి పోతూ దారి పొడవునా మేట్, మట్ అని గొణుక్కున్నాను. పక్క సీటు ఆవిడ కాస్త ఎడంగా జరిగి కూర్చుంది.

పిల్లలకు ఇంత ఉపన్యాసం పనికిరాదు. వాళ్లను బయటికి తీసుకుపోయాను. వాన అప్పుడే వెలిసింది. ఆవరణ గోడ అవతల ఒక మద్దిచెట్టు ఉంది. ముందు బెంచీ అమ్మాయిని దాని మొదట్లో నిలబెట్టాను.

“ఈ పిల్ల ఎత్తు మనకు తెలుసు. ఈమె మీద ఈమె, ఈమె మీద ఈమె నిలబడితే చెట్టు కొసకు ఎందరు కావాలె?”

వాళ్లు కోయ భాషలో గట్టిగా వాదించుకున్నారు. తలో సంఖ్య చెప్పారు. కొందరు ఒక కన్ను మూసి వేళ్లతో కొలిచారు. చివరికి అందరి సంఖ్యలూ ఒక దగ్గరికి వచ్చాయి.

“ఇదే ఎస్టిమేట్. తెలిసిన ఎత్తు పట్టుకొని తెలియని ఎత్తుకు పోయినం. కచ్చితం కాదు, కానీ గాల్లోంచి తీసింది కూడా కాదు.”

“మరి తప్పయితే?” అని వెనకనుంచి ఒకమ్మాయి.

“కొంచెం తప్పయితది. ఎంత తప్పు కావచ్చో కూడా మనం చెప్పుకోవాలె.”

ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి మర్నాడు రాసి తెచ్చిన వాక్యం చూసి నా పెన్ను ఆగింది. తమ అమ్మ ఆదివారం వస్తుందని ‘ఐ ఎస్టిమేట్’ అని రాసింది. ఖమ్మంలో నేను చేసిన తప్పే.

“ఇక్కడ ఎక్స్‌పెక్ట్ అని రాయాలమ్మా.”

“ఎక్స్‌పెక్ట్ అని రాస్తే తప్పక వస్తదా మేడం?”

“రాస్తే కాదు. నువ్వు ఎదురుచూస్తున్నవని అర్థం.”

ఆమె కొట్టేసి దిద్దుకుంది. ఆదివారం ఆమె పొద్దున్నుంచి గేటు దగ్గరే ఉంది. నేనూ మూడుసార్లో నాలుగుసార్లో గేటు దాకా పోయి వచ్చాను, నాకేదో పని ఉన్నట్టు. వాళ్ల అమ్మ రాలేదు. సోమవారం మధ్యాహ్నం, అన్నం బెల్లు కొట్టాక వచ్చింది. చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. మధ్యలో వాగు వచ్చిందని, అవతలి ఒడ్డునే ఎవరింట్లోనో పడుకుని నీళ్లు తగ్గాక దాటానని చెప్పింది. కూతురు ఆమె కొంగు పట్టుకుని నిలబడింది.

తర్వాత ఆమె నన్ను చూసి, నా కడుపు చూసి, “నువ్వు ఇంకా ఈడనే ఉన్నవేంది టీచరమ్మా?” అంది. “ఇయ్యాల నేను దాటిన. రేపు నువ్వు దాటగల్గుతవా?”

లెక్కల మేడం అదే మాట నెల నుంచి అంటోంది. ఆమె నాకంటే పదేళ్లు పెద్దది, నేను అక్కా అని పిలుస్తాను. ఆ సాయంత్రం ఆమే నా బట్టలు సర్దింది. నేను మంచం చుట్టూ తిరుగుతూ, ఇంకా రెండు పాఠాలు మిగిలాయని, పరీక్షలు దగ్గరికొచ్చాయని ఏదో ఒకటి చెప్తూనే ఉన్నాను. “నీ పాఠాలు నేను చూసుకుంట. ఎస్టిమేట్ మాత్రం మనిద్దరం ఒక్కతీరు చెప్పుకుందాం, లేకుంటే పిల్లలు మనల్ని బతకనియ్యరు” అంది. మర్నాడు పొద్దున భద్రాచలం బస్సెక్కించింది. భద్రాచలంలో బస్సు మారాను. వంతెన మీద అది మెల్లగా పోయింది. గోదావరి ఎర్రగా, ఒడ్డుల్ని ఒరుసుకుంటూ పారుతోంది. నేను కిటికీ మూసేసుకున్నాను.

*

మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ తిరుమలాయపాలెంలో మా వదినకు కూడా అవే రోజుల్లో కాన్పు వచ్చింది. ఒకే కప్పు కింద ఇద్దరు బాలింతలు ఉండొద్దని మా అమ్మ పట్టుబట్టింది. “మీ అత్త మంచిది, నువ్వు ఆడనే ఉండు బిడ్డా, నేను నడుమ వచ్చిపోత” అంది. అట్లా పాల్వంచ చేరాను.

మా అత్తమ్మ నిజంగానే మంచిది. వంట చేసేది, కాళ్లకు నూనె రాసేది, ఆరేసిన బట్టల మీద పడిన ప్లాంటు బూడిదను దులిపి దులిపి మడతపెట్టేది. ఒక్కటే చిక్కు. రోజుకు పదిసార్లు ఆమెకు కాన్పు తేదీ చెప్పాలి.

“ఏ దినం అన్నరు బిడ్డా?”

“బుధవారం, అత్తమ్మా.”

“బుధవారం ఎన్ని గంటలకు?”

“గంటలు చెప్పరత్తమ్మా.”

“గంటలు చెప్పకుంటే గదేం డేటు?”

దవాఖానలో అందరూ ఆ తేదీని ఈడీడీ అంటారు. రెండు డీలు డేట్, డెలివరీ. మొదటి అక్షరానికి కొందరు ఎక్స్‌పెక్టెడ్ అనీ, కొందరు ఎస్టిమేటెడ్ అనీ చెప్తారు. నాకు రెండోదే సరైనదనిపించింది. ఎందుకంటే దానికి ఆధారం ఉంది. నా చివరి నెలసరి తేదీ నుంచి ఒక లెక్క, స్కానింగ్‌లో బిడ్డ కొలతల నుంచి ఇంకో లెక్క. ఆ రెండూ ఒకదానితో ఒకటి కలవలేదు కూడా. డాక్టరమ్మ రెంటినీ చూసి బుధవారం అంది. ఇంత తెలిసిన నేను కూడా ఆ బుధవారాన్ని రైలు టైములాగే పట్టుకు కూర్చున్నాను. సోమవారానికే బట్టల సంచి గుమ్మం దగ్గర పెట్టాను. మంగళవారం దాన్ని విప్పి మళ్లీ సర్దాను. మా ఆయన షిఫ్టు మార్చుకుని ఇంట్లో ఉన్నాడు.

బుధవారం తెల్లారింది. ఏమీ లేదు. వరండాలో ఆ కొస నుంచి ఈ కొసకు నడిచాను. పడుకుని పక్కకు తిరిగాను. లేచి నీళ్లు తాగాను. నడుం లాగితే ఇదేనేమో అనుకున్నాను, కాదు. పక్క క్వార్టర్ల వాళ్లు గోడ మీంచి “ఇంకా కాలేదా?” అని అడిగారు. ఫోన్లు వచ్చాయి. మా హెడ్‌మిస్ట్రెస్ కూడా సెలవు సంగతి ఏమైందని మెసేజ్ పెట్టింది. జవాబుగా నా డెలివరీ ఈ రోజుకు ఎస్టిమేట్ అయిందని ఇంగ్లిష్‌లో రాశాను. ‘ఆన్’ పెట్టాలా, ‘టు బి ఆన్’ పెట్టాలా? తుడిచేశాను. మళ్లీ రాశాను. డెలివరీని ఎవరైనా ఎస్టిమేట్ చేస్తారా, చేసేది తేదీని కదా? మళ్లీ తుడిచేశాను. చివరికి ‘ఇంకా కాలేదు మేడం’ అని తెలుగులో పంపించాను. ఆమె ‘ఓకే’ అంది.

సాయంత్రం మా ఆయన, “మనం కొంచెం ఎక్కువ ఎస్టిమేషన్ పెట్టుకున్నం” అన్నాడు.

“ఎస్టిమేషన్ కాదు, ఎక్స్‌పెక్టేషన్” అన్నాను చిరాగ్గా.

“ఇప్పుడు నాకు పాఠం చెప్పాల్నా?”

“నువ్వే కదా ఆ మాట వాడింది!”

ఆయన చెప్పులేసుకుని బయటికి పోయాడు. కాసేపటికి మిర్చిబజ్జీలతో వచ్చి, “కారం తింటే జల్దీ అయితదని చాయ్ హోటల్ ఆయన చెప్పిండు” అన్నాడు. అందరం తిన్నాం. గుండెల్లో మంట తప్ప ఏమీ కాలేదు.

గురువారం దవాఖానకు పోయాం. డాక్టరమ్మ నా కంటే అయిదారేళ్లు పెద్దదేమో, గట్టి మనిషి. పొట్ట మీద చెయ్యి వేసి, బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. “అంత బాగనే ఉంది. ఆ తేదీని మేం ఎస్టిమేట్ చేసినం, మాట ఇయ్యలేదు. అటూ ఇటూగా ఒక వారం పట్టొచ్చు. వచ్చే బుధవారం దాకా చూద్దాం. అప్పటికీ రాకుంటే నొప్పులు తెప్పిస్తం. బిడ్డ కదలిక తగ్గితే మాత్రం ఒక్క గంట కూడా ఆగొద్దు, వెంటనే రావాలె.”

నాకు ఊపిరి ఆడినట్టయింది. అత్తమ్మ ముఖం మాత్రం గట్టిపడింది. బయటికి వచ్చాక ఆటో కూడా ఎక్కకుండా గేటు దగ్గరే నిలబడింది.

“అటూ ఇటూ అంటదేంది? అంత సదువు సదివి అటూ ఇటూనా?”

“గట్లనే చెప్తరమ్మా” అన్నాడు మా ఆయన.

“రేపు శ్రావణ శుక్రవారం. పంతులు పొద్దున తొమ్మిదిన్నరకు దివ్యంగ ఉన్నదన్నడు. కొత్తగూడెంల ఒక దవాఖానల ఆ టైముకే ఆపరేషన్ చేస్తరట. నేను మాట్లాడి పెట్టిన.”

నేను ఆయన ముఖం చూశాను. ఆయన రోడ్డు చూశాడు.

“నాకు ఆపరేషన్ వద్దత్తమ్మా. అంతా బాగుందని చెప్పింది కదా.”

“నీకేం తెల్సు బిడ్డా.”

ఆమే ముందుగా పోయి ఆటో ఎక్కింది.

మధ్యాహ్నం ఆయన షిఫ్టుకు పోయాడు. అత్తమ్మ బియ్యం చాట ముందేసుకుని కూర్చుంది, కానీ ఏరడం లేదు. నేను గదిలో నుంచి వంటింటికి, వంటింట్లో నుంచి వరండాకు తిరుగుతున్నాను. నాకు కోపంగా ఉంది. పంతులు చెప్పిన గడియ కోసం నా పొట్ట కోయించాలని చూస్తుందా అని లోపల లోపల ఉడికిపోతున్నాను. చివరికి అడిగేశాను.

“ఆ టైముకే పుట్టాలని ఎందుకత్తమ్మా అంత పట్టుదల? జాతకం కోసమేనా?”

ఆమె చాట పక్కకు పెట్టింది.

“జాతకమా? నా పెండ్లి గడియ కూడ మంచిదే, ఏమొచ్చింది? జాతకం గురించి కాదు.”

తర్వాత మామయ్య సంగతి ఎత్తింది. మామయ్య బొగ్గు బావిలో పనిచేసేవారు. నేను కోడలిగా రాకముందే జబ్బు చేసి పోయారు. అక్కడివాళ్లు గనిని బాయి అంటారు.

“ఇగో మీ ఆయన అప్పుడు చంకల పిల్లగాడు. మీ మామ పొద్దుగాల బాయిలకు దిగిండు. దిగినంక లోపలికి నీళ్లొచ్చినయని, దారి మూసుకపోయిందని తెల్సింది. మేమందరం ఉరికినం. గేటు కాడ ఒకాయన, చేతిల గడియారం చూసుకుంట, ‘ఏం భయం లేదమ్మా, అంచనా రెండు గంటలల్ల తీస్తం’ అన్నడు. రెండు గంటలని నేను పిల్లగానికి పాలు కూడ తాపలే, బయటికొచ్చినంక ఇద్దరం ఇంటికి పోదామని. రెండు గంటలాయె. మళ్ల అడిగితె, ‘ఇంకో రెండు గంటలు పట్టొచ్చు’ అన్నడు. పొద్దు గూకింది. మళ్ల అడిగితె అదే మాట. తెల్లారి పొద్దెక్కినంక తీసిన్రు. అందరు బతికే వచ్చిన్రు బిడ్డా. ఎవలకు ఏం కాలే. కాని నేను… ఆ అంచనా అన్న మాట ఇంటె నాకు ఇప్పటికీ ఆ గేటే కండ్ల ముందుకొస్తది. ఆయనకు తెల్వకపోతె తెల్వదని చెప్పాలె. రేపు చూద్దామని చెప్పాలె. రెండు గంటలని ఎందుకు చెప్పాలె? ఆపరేషనైతె గీ ఎదురుచూసుడు ఉండదనుకున్న.”

ఆ గేటు దగ్గరి మనిషికి చేతిలో ఏ ఆధారమూ లేదు, ఆయన చేసింది ఎస్టిమేట్ కాదు, ధైర్యం చెప్పడం. డాక్టరమ్మకు ఆధారం ఉంది, ఎంత తప్పు కావచ్చో కూడా చెప్పింది. ఈ తేడా నాకు స్పష్టంగా కనిపించింది. కానీ ఆమెకు బోర్డు మీద రాసి చూపించే సంగతి కాదు అది.

ఆమె పక్కన కింద కూర్చున్నాను. కూర్చోవడానికే చాలాసేపు పట్టింది.

“ఆమె ఒక వారం అని అన్నది అత్తమ్మా. మళ్లీ అడిగితే ఇంకో వారం అనదు. బుధవారం దాటనియ్యదు. కదలిక తగ్గితే అంతకుముందే పోదాం. నేను దాచిపెట్టను.”

“ఒట్టు?”

“ఒట్టు.”

ఆమె నా పొట్ట మీద చెయ్యి పెట్టింది. అంతసేపూ ఊరుకున్నవాడు అప్పుడే ఒక తన్ను తన్నాడు. “వీనికి కూడ ఒకచోట కుదురు లేదు” అని నవ్వింది. ఫోన్ తీసి కొత్తగూడెం వాళ్లకు రామని చెప్పేసింది.

శుక్రవారం తొమ్మిదిన్నర మా ఇంట్లో ఎట్లా గడిచిందో చెప్పలేను. అత్తమ్మ లక్ష్మీదేవి పటానికి పూలు పెట్టి, ప్రసాదానికి బియ్యం పరమాన్నం వండుతోంది. గడియారం వైపు చూడనట్టు నటిస్తోంది. నేనూ చూడనట్టు నటిస్తున్నాను. మా ఆయన మాత్రం పేపరు తలకిందులుగా పట్టుకున్నాడో లేదో నాకు తెలియదు కానీ, ఒక్క పేజీ కూడా తిప్పలేదు. పదయ్యాక అత్తమ్మ వంటింట్లో నుంచి, “ఇగ పోయింది గడియ. తినుండ్రి” అంది. పరమాన్నం అడుగంటింది.

*

మంగళవారం మధ్యాహ్నం అన్నం తిన్నాక ఎప్పటిలా ఎడమ పక్కకు పడుకున్నాను. తిన్న తర్వాత తప్పకుండా తన్నేవాడు, ఆ రోజు తన్నలేదు. చల్లటి నీళ్లు తాగాను. ఏదో తియ్యటిది తిన్నాను. చెయ్యి వేసి నొక్కాను. కొంచెం కదిలినట్టే ఉంది, లేనట్టే ఉంది. నాకే అనిపిస్తోందా, నిజంగానే తగ్గిందా? లేచి నడిచాను. ఇన్ని రోజులు నన్ను కూర్చోనివ్వనివాడు ఒక్కసారిగా నిమ్మళంగా ఉండడం నాకు తట్టుకోలేని భయం పుట్టించింది.

“అత్తమ్మా, కదలడం లేదనిపిస్తుంది.”

ఆమె ‘అనిపిస్తుందా’ అని అడగలేదు. సంచి అందుకుంది. మా ఆయన అప్పుడు ప్లాంటులో షిఫ్టులో ఉన్నాడు. ఫోన్ చేస్తే లోపల ఉన్నట్టుంది, ఎత్తలేదు. “వాడు వస్తడు తియ్యి, మనం నడువు” అని ఆమే రోడ్డు మీదికి పోయి ఆటోను ఆపింది. దారంతా ఆమె ఒక చేత్తో నా పొట్ట పట్టుకుని, ఇంకో చేత్తో ఆటో డ్రైవర్ భుజం మీద తడుతూనే ఉంది. “గుంతలు చూసి పోనీ బిడ్డా, కాని జల్దీ పోనీ.”

డాక్టరమ్మ గుండె చప్పుడు చూసింది. మిషన్ మీద ఆ చప్పుడు కాసేపు పరుగెత్తి, ఉన్నట్టుండి మందగించి, మళ్లీ అందుకుంది. నాకు చదువుకున్న ఇంగ్లిష్ ఒక్క ముక్క గుర్తు లేదు. ఉమ్మనీరు తగ్గిందని, ఆగడానికి లేదని, ఇప్పుడే ఆపరేషన్ చేయాలని ఆమె చెప్పింది.

పక్కన ఉన్న నర్సమ్మ పాపం అత్తమ్మ నుదుటి విభూతి, చేతిలోని గుడి కుంకుమ పొట్లం చూసి కాబోలు, మెల్లగా అంది. “మంగళవారం రాహుకాలం నడుస్తుందమ్మా. మీవోళ్లు ఏమన్నా అంటరా మరి?”

“ఎవలంటరు?” అంది అత్తమ్మ. పొట్లాన్ని సంచిలో పెట్టేసింది. “ఏ కాలమైతే ఏంది, పిల్ల పానం కంటె ఎక్కువనా? మీరు జల్దీ కానియ్యండి.”

నన్ను తీసుకుపోతుంటే తలుపు దాకా పక్కనే నడిచింది. అక్కడ ఆమె చెయ్యి వదిలించాల్సి వచ్చింది.

బయట ఏం జరిగిందో తర్వాత మా ఆయన చెప్పాడు. ఆయన యూనిఫారంతోనే బండి మీద వచ్చేసరికి ఆమె ఆ తలుపు ముందు నిలబడి ఉంది. బెంచీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదట. నర్సు బయటికి వచ్చినప్పుడు ఆయన, “ఎంతసేపు పడ్తది సిస్టర్?” అని అడగబోతే, అత్తమ్మ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది.

“అడగకు” అందట. “చేసుకోనీ వాళ్లను.”

లోపల నాకు నడుం కింద మొద్దుబారింది. పచ్చటి గుడ్డ అవతల చేతులు కదులుతున్నాయి. కదలకుండా పడుకోవడం అంత కష్టమని నాకు అప్పుడే తెలిసింది. కాళ్లు కదపాలని మనసు తహతహలాడుతోంది, కాళ్లేమో నావి కానట్టున్నాయి. పైన లైటు చుట్టూ ఒక పురుగు తిరుగుతోంది. దాన్నే చూస్తూ ఉన్నాను. తర్వాత ఎవరో “బాబు” అన్నారు. ఏడుపు వినిపించలేదు. పురుగు లైటు చుట్టూ మళ్లీ తిరిగింది. ఎంతసేపో తెలియదు. అప్పుడు ఏడ్చాడు, సన్నగా, తర్వాత గట్టిగా, దవాఖానంతా తనదే అన్నట్టు.

మెడకు పేగు ఒక చుట్టు పడిందని, ఇప్పుడు భయం లేదని డాక్టరమ్మ చెప్పింది. “సరైన టైముకు వచ్చిన్రు” అంది. నేను తల ఆడించాను. కన్నీళ్లు చెవుల్లోకి కారాయి, తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు.

వార్డులోకి తెచ్చాక అత్తమ్మ బిడ్డను ఎత్తుకుంది. చాలాసేపు ముఖంలోకి చూసింది. వాడి నుదుటి మీద నల్ల చుక్క పెట్టడానికి కాటుక కోసం సంచిలో వెతికి, దొరకక, వదిలేసింది. మా ఆయన మా ఇద్దరి మధ్య నిలబడి, ఎవరికి ఏం ఇవ్వాలో తెలియక మంచినీళ్ల సీసా మూత తీసి, మళ్లీ పెట్టాడు. తిరుమలాయపాలెంలో మా వదినకు అంతకు రెండు రోజుల ముందే కూతురు పుట్టింది. మా అమ్మ ఫోన్‌లో ఏడ్చి, నవ్వి, పొద్దున్నే మొదటి బస్సుకు వస్తానంది.

“నువ్వేమన్న తిన్నవా అమ్మా?” అని మా ఆయన తల్లిని అడిగాడు.

“లే.”

మధ్యాహ్నం నాకు వడ్డించి తను తినకముందే నేను పిలిచాను. ఆయన కిందికి పోయి దవాఖాన ముందున్న బండి దగ్గర నుంచి ఉప్మా పొట్లం తెచ్చాడు. ఆమె బిడ్డను నా పక్కన పడుకోబెట్టి, స్టూలు మీద కూర్చుని పొట్లం విప్పింది. చల్లారిపోయి ఉండలు కట్టింది. అయినా వేళ్లతో చిదిమి, ఒక్క మెతుకు వదలకుండా తింది. తిన్నాక కాగితం మడిచి, ఆ స్టూలు మీదే గోడకు తల ఆనించింది. నేను పలకరించేలోపే ఆమెకు నిద్ర పట్టేసింది.